పట్టపగలు మూలిగే ఇల్లు

కాళ్ళు ముడుచుకోండి. దుప్పటి కోసం కొట్టుకోకండి. ఒరే భానూ, చెల్లి జడ వదులు ముందు! ఊ కొట్టేవాళ్ళకే కథ, గురకపెట్టేవాళ్ళకి లేదు. సరేనా?

అనగనగనగా... ఏ ఊరని మాత్రం అడక్కండి, పేరు చెబితే ఆ ఊరివాళ్ళు మనమీదకి తగువుకొస్తారు... ఒకానొక ఊళ్ళో సూరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు పేరయ్య. మట్టి తొక్కడం దగ్గర్నుంచి తాటాకు కప్పడం దాకా ఆ ఇల్లంతా తన చేతుల్తోనే కట్టాడు. పనిమంతుడే గానీ, నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఆవిడ గంపెడు మాటలు చెబితే ఆయన 'ఊఁ' అనేవాడు, అంతే. మీకంటే నయం, ఊ అన్నా కొట్టేవాడు. ఏం, వింటున్నారా?

ఆ పేరయ్య ఒక చలికాలంలో పోయాడు. పెద్దకర్మ అయ్యాక మైల పోవాలని ఇల్లంతా లోపలా బయటా కొత్త మట్టి మెత్తి, అలికి, సున్నం కొట్టారు. ఎక్కడా పగుళ్ళూ చిల్లులూ కనపడకూడదు కదా. సూరమ్మ ఏడుస్తూనే, అందినంత మేరా తన చేత్తోనే మెత్తింది.

చలికాలం పోయింది, ఎండలొచ్చాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వడగాలి వీచింది. తలుపులన్నీ వేసుకుని సూరమ్మా, కొడుకూ, కోడలూ ఇంటిల్లిపాదీ నడుం వాల్చారు. అప్పుడు మొదలైంది. హూఁ... హూఁఊఁఊఁ... ఎవరో పైనుంచి మూలుగుతున్నారు! చూస్తే ఎవరూ లేరు.

దయ్యాలు రాత్రిపూట కదా అమ్మమ్మా వస్తాయి అంటావేమిటే బుల్లీ? అదే విడ్డూరం! ఇది పట్టపగలు వచ్చే దయ్యం. ఊరంతా ఒకటే మాట: పేరయ్యే అలా తిరుగుతున్నాడని.

ఇంక చూడండి వాళ్ళ పాట్లు! గాలొస్తే మూలుగు. మూలుగొస్తే వణుకు. వణుకొస్తే తలుపుల బిడాయింపు. తలుపులు బిడాయిస్తే ఉక్క. ఉక్కపోస్తే నిద్దర కరువు. నిద్దర లేకపోతే చిరాకు. చిరాకొస్తే కొడుక్కీ కోడలికీ తగువు. తగువు తీరేలోపు మళ్ళీ గాలి, గాలొస్తే మళ్ళీ మూలుగు!

సూరమ్మకి భయం ఒకటీ, దిగులు ఒకటీ. బతికినన్నాళ్ళూ నాకిది కావాలని నోరు తెరిచి అడగని మనిషి, పోయాక ఏం కావాలని ఇంతలా మూలుగుతున్నాడో అని. ఆయనకిష్టమని పనసపొట్టు కూర వండి విస్తట్లో పెట్టి, ఏం తక్కువైందయ్యా నీకు అని అడిగేది. జవాబేముంది? హూఁఊఁ...

కొడుకు కొండయ్య వెళ్ళి భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన నిమ్మకాయలు కోశాడు, సాంబ్రాణి వేశాడు, కళ్ళు తిప్పాడు. చివరికి చెప్పిందేమిటంటే, పేరయ్యకి ఈ ఇంటి మీద మమకారం చావలేదట. ఇల్లు విప్పేస్తే గానీ పోడట. కొండయ్య సరేనన్నాడు. మర్నాడే గునపాలతో మనుషుల్ని రమ్మని చెప్పేశాడు.

సూరమ్మకి ఇదో చిక్కు. ఇల్లు ఉంచితే ఆయనకి ముక్తి లేదు. విప్పితే ఆయన చేతిపని మట్టిలో కలుస్తుంది. ఎటూ చెప్పలేక గడపలో కూలబడి, అన్నం కూడా ముట్టలేదు పాపం.

ఇక్కడే వస్తుంది మన కోడలు. పేరు నూకాలు. ఆ పిల్లకి ఒక జబ్బుంది, 'ఎందుకు?' అనే జబ్బు. మా భానుగాడికి ఉన్నట్టే అనుకోండి. పప్పు ఎందుకు పొంగింది, పిల్లి ఎందుకు చూసింది అని అందర్నీ విసిగించేది. ఇప్పుడూ అంతే. అత్తా, గాలి లేనిరోజు మావ ఎందుకు రాడు అని అడిగింది. తలుపులన్నీ మూశాకే మూలుగు ఎందుకు ఎక్కువవుతుంది అని అడిగింది. దయ్యాల్ని ఆరాలు తీస్తారటే పిల్లా అని సూరమ్మ కసిరింది.

అది ఊరుకుంటేగా! మావ బతికుండగా ఎండాకాలం మధ్యాహ్నాలు ఏం చేసేవాడత్తా అని మళ్ళీ అడిగింది. ఏం చేస్తాడు, నా చాప ఈడ్చుకుపోయి ఉత్తరం గోడ వారన పరిచి, అక్కడే పడుకో అనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు, మొండి మనిషి అంది సూరమ్మ.

నూకాలు తలెత్తి చూసింది. పైన, కప్పుకి జానెడు కింద గోడలో వరసగా కూజాలు పొదిగి ఉన్నాయి. మూతులు బయటికి, అడుగులు తీసేసి ఇంట్లోకి. పేరయ్య పెట్టినవే. అందరూ సోకు కోసం పెట్టాడనుకున్నారు.

నూకాలు చక్కా వెళ్ళి వంటింట్లో ఖాళీ కూజా తెచ్చి మూతి మీద అడ్డంగా ఊదింది. హూఁఊఁ! అచ్చం మావ మూలుగే! మళ్ళీ పెరట్లో పారేసిన బీటల కూజా ఒకటి తెచ్చి, దాని అడుగు కొట్టేసి ఊదింది. ఉస్సుమంది గానీ మూలగలేదు. రేపు పొద్దున మీరూ ఊది చూడండి. మంచి కూజా అడుగు కొట్టారంటే మాత్రం వీపు విమానం మోతే!

మరైతే చూడండి దాని తెలివి. తలుపులన్నీ మూస్తే ఈ ఇల్లంతా అడుగున్న కూజాయేగా! గాలి పైమూతుల మీద నుంచి పోతుంటే లోపల్నుంచి మూలుగు. అలాగైతే మావ బతికుండగా ఎందుకు మూలగలేదు? అప్పుడు కిందెక్కడో దారి ఉండి ఉండాలి. అది ఇప్పుడు మూసుకుపోయి ఉండాలి. ఎక్కడ?

తెల్లారింది. గునపాలవాళ్ళు రానే వచ్చారు. ఒకాయన కప్పెక్కబోయాడు. నూకాలు నిచ్చెనకి అడ్డం పడింది. ఒక్క గాలి వీచేదాకా ఆగండి, మళ్ళీ మూలిగితే నేనే తాటాకు లాగుతానంది. కొండయ్యకి ఒళ్ళు మండింది. అప్పుడు గడపలోంచి సూరమ్మ లేచింది. దాన్ని చూడనివ్వరా అంది. అంతే, కొడుకు పక్కకి జరిగాడు.

నూకాలు, మావ చాప పరిచే ఆ ఉత్తరం గోడ అడుగున వేలి కణుపులతో తట్టుకుంటూ పోయింది. డబ్... డబ్... డబ్... డొల్ల్! అక్కడ నీళ్ళు చిలకరించి, మట్టి నానాక చేత్తో గీకింది. లోపల చిన్న ముంత మూతి! ఇంకా గీకితే ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. అడుగు లేని ముంతలు గోడకి ఇవతల్నుంచి అవతలికి, బయట వేపచెట్టు నీడలో ఉన్న నీళ్ళ గోలెం వెనక తేలేలా పొదిగి ఉన్నాయి. బయటవైపూ గీకేసింది. గోనెపట్టా తడిపి ఆ మూతుల ముందు వేలాడదీసింది. తలుపులన్నీ మూయించింది.

అందరూ లోపల కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం వడగాలి వచ్చింది. కప్పు మీద తాటాకు గలగలమంది. అందరూ పైకి చూశారు. మూలుగు లేదు! పైన వేడి గాలి బయటికి పోతోంది, కింద తడిపట్టాలోంచి చల్లగాలి లోపలికొస్తోంది. గునపాలవాళ్ళు కూడా హాయిగా కాళ్ళు చాపుకున్నారు.

సూరమ్మ ఒక్కతే లేచి వెళ్ళి ఆ ముంత ముందు కూర్చుంది. చల్లగాలి మొహానికి తగిలింది. చాప ఎందుకు అక్కడ పరిచేవాడో అప్పుడు తెలిసింది ఆవిడకి. నీ మౌనం మండిపోనూ, ఒక్క మాట చెప్పి పోవచ్చు కదయ్యా! నాకు గాలి తగలాలని నువ్వు దారి పెడితే, నా చేత్తోనే మట్టి కొట్టి మూసి, నిన్ను దయ్యమన్నానే! అని గోడ పట్టుకుని బావురుమంది. ఏడిచి ఏడిచి, ఆ గోడ వారనే ఒరిగి, దీపాలవేళ దాకా నిద్రపోయింది. ఆయన పోయాక ఆవిడ కంటినిండా నిద్రపోవడం అదే మొదలు.

ఆ తరవాత ఆ ఊళ్ళో బీటలిచ్చిన కుండని ఎవరూ పెంటమీద పారేయలేదట. అడుగు తీసి గోడలో పొదిగారట. నూకాలు ఎందుకు అని అడిగితే ఇంక ఎవరూ కసరలేదట. మీరూ అంతే. ఏదన్నా తెలీంది ఎదురైతే, ముందు దగ్గరికెళ్ళి చూడండి. భయం తరవాత తీరిగ్గా పడొచ్చు.

హమ్మయ్య, కథ కంచి బాట పట్టింది, మీరు దిండ్ల దారి పట్టండి.