ఇద్దరెత్తే దిమ్మిస

మాలకొండయ్యకు ఒకటే దిగులు. నాలుగేళ్లుగా ప్రతి గురువారం ఖాసిం తాత దగ్గరికి వస్తున్నాడు. తన వెనక వచ్చినవాళ్లకు కూడా తాత చెవిలో ఉపదేశం చెప్పాడు, తనకు మాత్రం చెప్పలేదు. అడిగితే, "చెబుతాలే అయ్యా, తొందరేముంది" అని నవ్వేవాడు.

ఖాసిం తాత కనిగిరిలో దర్జీ పని చేసి మానుకున్న ముసలాయన. మఠం లేదు, దర్గా లేదు. ఇంటి వెనక పెరట్లో చాప వేసుకుని కూర్చుంటే చుట్టూ పాతికమంది చేరేవాళ్లు. వానొచ్చిందంటే పెరడంతా బురద. ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నిలబడాల్సిందే.

"పెరడంతా నేను కాంక్రీటు పోస్తా తాతా" అన్నాడు మాలకొండయ్య ఒకరోజు. అతను తాపీ మేస్త్రీ. "ఇరవై ఏళ్లుగా గచ్చులేస్తన్నా. నా చేతికింద ఒక్క బీట రాలా."

"సరే. పని ముగిసిన రోజు నీ చెవిలో నీ మాట నీకు చెబుతా" అన్నాడు తాత.

ఇంకేం, ఏనుగెక్కినంత సంబరం! మూడు రోజుల్లో పెరడు చదును చేసి, చుట్టూ చెక్కలు బిగించి, దారం లాగి, ఇంటి గోడ నుంచి నీళ్లు బయటికి పోయేలా వాలు చూసుకున్నాడు. కంకర, ఇసుక వీధిలో కుప్ప పోయించాడు. ఒక్క మూల మాత్రం చిక్కొచ్చింది. పోయినేడు గాలివానకు మునగచెట్టు వేళ్లతో సహా పడిపోయిన చోటది, మోకాటిలోతు గొయ్యి. ముందురోజు సాయంత్రం అందులో గబగబా మట్టి నింపి, కాళ్లతో నాలుగు తొక్కులు తొక్కి, పైన ఇసుక పరిచేశాడు. పైకి చూస్తే ఏ వంకా కనబడదు.

కాంక్రీటు కలిపే మిల్లరు తొమ్మిదింటికి రావాలి. ఎనిమిదింటికి తాత చెంబుతో నీళ్లు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా ఆ మూలకే పోయి చెంబెడు నీళ్లూ ఒంపాడు.

నీళ్లు గుటగుటమని దిగిపోయాయి. ఇసుక బెత్తెడు కుంగింది.

తాత తొట్టి దగ్గరికి పోయి ఇంకో చెంబు తెచ్చాడు. ఇంకో బెత్తెడు కుంగింది.

మాలకొండయ్య మొహం మాడిపోయింది. "పైన నాలుగంగుళాల కాంక్రీటు పడుద్ది తాతా, చువ్వలు కూడా వేస్తన్నా. కిందేముందో ఎవరు చూడొచ్చారు?"

"నీళ్లు చూశాయి గదా" అన్నాడు తాత. "దిమ్మిస లేదా నీకు?"

దిమ్మిస లేకేం, ఉంది. వాళ్ల నాయన తుమ్మమొద్దు చెక్కి, అడుగున ఇనుప పట్టీ వేయించి చేసిన దిమ్మిస. చెరో పక్క ఒక పిడి. ఇద్దరు ఎత్తి ఒక్క ఊపున దించితే ఎంత వదులు నేలైనా గట్టిపడాల్సిందే. అన్నదమ్ములిద్దరూ మీసాలు రాకముందు నుంచీ దాన్ని పట్టినవాళ్లే. ఇప్పుడది రెండు వీధుల అవతల, అన్న పెంచలయ్య ఇంట్లో ఉంది.

నాలుగేళ్ల కిందట నాయన పోయిన రోజు మాలకొండయ్య బెంగుళూరులో పని మీదున్నాడు. పడుతూ లేస్తూ వచ్చేసరికి బూడిదే మిగిలింది. "కడసారి నాయన మొహం కూడా చూడనియ్యలేదు గదరా నువ్వు" అని శ్మశానంలోనే అన్న మీద కేకలేసి వచ్చేశాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"అది మా అన్న దగ్గరుంది తాతా."

"తెచ్చుకో."

"ఎందుకులే, అద్దెకు మిషను దొరుకుద్దేమో కనుక్కుంటా."

"నాలుగేళ్లుగా దేంతో కొడుతున్నావు అయ్యా?"

పెద్ద పనులకైతే మాలకొండయ్య మిషను తెచ్చేవాడు. చిన్న చిన్న ఇళ్ల దగ్గర కాళ్లతోనే కానిచ్చేవాడు. బీట రాలేదంటాడు గానీ, మళ్లీ ఆ ఇళ్లకు పోయి చూసిందెప్పుడు గనక?

తాత ఆ తడిమట్టిలో గొంతుక్కూర్చుని పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాడు. జీవితమంతా సూది పట్టిన చెయ్యి, తోలూ ఎముకలూ తప్ప ఏం లేవు. వద్దంటే వినడు. కణుపుల దగ్గర తోలు లేచి ఎర్రబడింది. చూడలేక మాలకొండయ్య చెప్పులేసుకుని బయటపడ్డాడు.

పెంచలయ్య అప్పుడే నిద్రలేచి వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. తమ్ముణ్ణి చూసి వేపపుల్ల నోట్లోనే ఉంచేశాడు.

"దిమ్మిస కావాలి" అన్నాడు మాలకొండయ్య, నేలవంక చూస్తూ.

అన్న వసారాలో మూలకు పోయి గోనెపట్టా తీశాడు. దిమ్మిస నల్లగా నిగనిగలాడుతోంది.

"చెద పట్టకుండా ఏటేటా ఆముదం పూస్తన్నా. నేనొక్కణ్ణి ఎత్తలేను, ఇంకోడికి ఇయ్యబుద్ధి గాలా." చేత్తో పిడి తుడిచాడు. "నడెండాకాలం రా అది. నాయన్ని పొద్దుగూకేదాకా ఆపా. ఊరంతా తిట్టారు. ఇంక నా వల్ల కాలా కొండా."

మాలకొండయ్యకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఒక పిడి పట్టుకున్నాడు. అన్న గబగబా నోరు పుక్కిలించి వచ్చి రెండో పిడి అందుకున్నాడు.

వాళ్లు వచ్చేసరికి మిల్లరువాళ్లు వీధిలో ఎదురుచూస్తున్నారు. "రేపు రండయ్యా" అని పంపించేశాడు మాలకొండయ్య. గొయ్యిలో మట్టంతా తోడి బయట పోశారు. మళ్లీ కొంచెం కొంచెం నింపుతూ, తడుపుతూ, దిమ్మిసతో కొట్టారు. "ఎత్తు" అంటాడు అన్న, అచ్చం నాయన అన్నట్టే. ఇద్దరూ ఎత్తుతారు.

ఎండ నడినెత్తికొచ్చింది. తాత వచ్చి ఆ మూలలో మళ్లీ చెంబెడు నీళ్లు ఒంపాడు. నీళ్లు పైనే నిలబడ్డాయి. కాసేపటికి మెల్లగా వాలు వెంట జారిపోయాయి.

"ఇట్రా, నీ మాట చెబుతా" అన్నాడు తాత.

మాలకొండయ్య కంగారుపడ్డాడు. "పని ఇంకా ముగియలేదు తాతా. కాంక్రీటు రేపు గదా."

"ముగిసిందిలే. రా."

నాలుగేళ్లు ఎదురుచూసిన మాట. మాలకొండయ్య మట్టిచేతులు జోడించి, వంగి చెవి ఒగ్గాడు. తాత చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పాడు:

"మీ అన్న పొద్దున్నించీ ఏమీ తినలేదు. ముందు ఆయనకు అన్నం పెట్టు."

మాలకొండయ్య చేతులు కడుక్కుని కంచం కోసం లోపలికి పోయాడు.