కొసరు లేని పూట

మణికూటమని ఒకానొక రాజ్యం ఉండేది. పొద్దు వాలేసరికి అక్కడి బజారంతా మల్లెల వాసనలో తేలిపోయేది. దాన్ని ఏలే ప్రతాపకంఠీరవ మహారాజుగారి ముక్కుకు మాత్రం ఆ వాసన సోకేది కాదు. ఆయన ధ్యాసంతా లాభం మీదే.

బజారులో కొట్లన్నీ రాజుగారివే. అమ్మేవాళ్ళు ఆయన జీతగాళ్ళు. ఒకసారి ఆయన మారువేషంలో వెళ్ళి చూశాడు. బెల్లం తూచాక చిన్న ముక్క, నూనె కొలిచాక సన్నని ధార, పూలు మూరేశాక మరో బెత్తెడు... అడిగినా అడక్కపోయినా అందరికీ కొసరు వేస్తున్నారు. రాజుగారికి కడుపు రగిలిపోయింది.

మర్నాడే దండోరా వేయించాడు. "కొసరు వేస్తే కొట్టు పోతుంది! కొసరు అడిగితే కొరడా పడుతుంది!"

సభలో మీసం దువ్వుకుంటూ, "మా తాతముత్తాతల్లో ఎవరికైనా తట్టిందా ఈ ఆలోచన?" అన్నాడు. పండితులంతా ఆహా ఓహో అన్నారు. ఆస్థాన చమత్కారి సారంగుడు ఒక్కడే కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అతను ఎప్పటిలాగే పూల కొట్టుకు వెళ్ళాడు. నిజం చెప్పాలంటే అతనికి పూలతో పనిలేదు. పూలమ్మే నాంచారి మూర వేస్తుంటే ఆ చేతిని చూడటమే అతని పని. కానీ ఆ రోజు నాంచారి ఖాళీ బుట్టలు మూట కడుతోంది.

"ఏమైంది నాంచారీ?"

"ఏముంది సారంగయ్యగారూ! ఒకావిడ తనకని మూర పూలు కొనుక్కుంది. కూడా వచ్చిన కూతురు నా జడకేదే అని ఏడుపు. బెత్తెడు తుంచి ఆ పిల్ల జడలో పెట్టాను. భటుడు చూశాడు."

"చూస్తే?"

"రేపు పొద్దుగూకేలోగా ఊరు విడిచి పొమ్మన్నారు."

"బెత్తెడు పూలకా!"

"మరే! రాజుగారి ఖజానాలో ఆ బెత్తెడే తక్కువైందట."

నవ్వబోయి మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె లేని ఆ అరుగును సారంగుడు ఊహించుకోలేకపోయాడు.

"బుట్టలు విప్పు. రేపు నేను వచ్చేదాకా కదలకు" అని చెప్పి తిన్నగా కోటకు వెళ్ళాడు.

"ప్రభూ, తమ ఆజ్ఞలో ఒక్క లోపం ఉంది" అన్నాడు.

రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. "మా ఆజ్ఞలో లోపమా?"

"బజారు దగ్గరే ఆగిపోయింది ప్రభూ! ఈ కోటలో ఎంత కొసరు పోతోందో ఎవరైనా చూశారా? చెప్పిన పనికి పిసరంత ఎక్కువ చేసినా అది కొసరే కదా!"

"నిజమేనోయ్! అయితే రేపటి నుంచి కోటలోనూ కొసరు బందు."

"మహారాణిగారికి కూడానా?"

"మహారాణిగారికైనా సరే!"

సారంగుడు ఆ మాటను పదిలంగా తీసుకుపోయి అంతఃపురంలో మహారాణి చెవిన వేశాడు. బజారులో జరిగినదీ చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సరే, చూద్దాం" అంది.

తెల్లవారింది. గాయకులు వచ్చి, "లేవండి ప్రభూ" అని వెళ్ళిపోబోయారు.

"మేలుకొలుపు పాటేదిరా?"

"తమరు లేచారు కదా ప్రభూ! ఆ పైన పాడితే కొసరు."

సభకు వెళ్తే వందిమాగధులు, "రాజుగారు వస్తున్నారు" అని ఊరుకున్నారు.

"మా బిరుదులు?"

"వచ్చేది తమరని అందరికీ తెలిసింది కదా ప్రభూ!"

రాజుగారు పళ్ళు నూరుకున్నాడు. ఆజ్ఞ తనదే, ఏమనగలడు? మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. వేడన్నం, ముద్దపప్పు, గోంగూర. మహారాణి నేతి గిన్నె తెచ్చి గరిటె వంచింది. ఇలా చుక్క పడిందో లేదో, రాజుగారు అలవాటుగా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు, చాలు" అన్నాడు.

మహారాణి గరిటె వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

రాజుగారు బిత్తరపోయాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన ఎన్నిసార్లు చాలన్నాడో, ఒక్కసారీ ఎవరూ ఆగలేదు. చాలనడం ఆయన వంతు, వెయ్యడం వాళ్ళ వంతు!

"దేవీ, నెయ్యి!"

"చాలన్నారుగా మహారాజా?"

"చాలంటే... చాలని కాదు కదా! కొసరి కొసరి వడ్డించాలి గాని!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని ఆయనకు తెలియలేదు, తానేమన్నాడో. తలుపు పక్కన సారంగుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"శుభం ప్రభూ! మిగిలిన నెయ్యంతా లాభమే. ఖజానాకు పంపించమంటారా?"

"నోరు ముయ్యి! బజారు వేరు, భోజనం వేరు!"

"వేరే ప్రభూ. అయినా తమకు అన్నం ముట్టింది, పప్పు ముట్టింది. మరి తిన్నట్టు ఎందుకు లేదు? ఊళ్ళో వాళ్ళకూ అంతే. తూకం సరిగ్గానే ముడుతోంది. కొట్టు దిగేటప్పుడు మాత్రం మొహాలు వేలాడేసుకుని పోతున్నారు. తమ ఖజానా నింపేది ఆ ఊరే కదా, వాళ్ళ గుప్పిట్లో కాస్త మిగల్చవద్దా? నిన్న పసిపిల్ల జడలో బెత్తెడు పూలు పెట్టినందుకు ఒకామె ఇవాళ ఊరు విడిచిపోతోంది."

రాజుగారు విస్తరి వైపు చూశాడు. ఎండిన పప్పన్నం. మహారాణి వైపు చూశాడు. ఆవిడ పెదవి బిగించి నవ్వు ఆపుకుంటోంది. ఇక ఆయన వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"గెలిచావురా సారంగా! దండోరా రద్దు. ఆ పూలమ్మి కొట్టు ఆమెదే. దేవీ, ముందు ఆ నెయ్యి ఇటు వంచు! ఊఁ, నీకేం కావాలో కోరుకో."

"కోటకు రోజూ పూలు తెచ్చే కొలువు ఇప్పించండి ప్రభూ."

"పూలు తేవడానికా, పూలమ్మిని చూడటానికా?"

సారంగుడి చెవులు ఎర్రబడ్డాయి. రాజుగారు మళ్ళీ ఫక్కున నవ్వి, వరహాల సంచీతో పాటు పెళ్ళికొడుకు పట్టుపంచె, పెళ్ళికూతురు పట్టుచీర తెప్పించి అతని చేతుల్లో పెట్టాడు.

పొద్దు గూకకముందే సారంగుడు పూల కొట్టు దగ్గర ఉన్నాడు. కబురు విని నాంచారి కళ్ళు తుడుచుకుంది. బుట్టలు మళ్ళీ అరుగు మీద సర్దుకుంటూ అతని చంకలోని బట్టలు చూసింది.

"పట్టుబట్టలు కూడా ఇచ్చారే! ఎవరి పెళ్ళికి సారంగయ్యగారూ?"

"అదే నిన్ను అడిగి తెలుసుకుందామని వచ్చాను" అన్నాడు సారంగుడు.