తుమ్మల వాగులో మంత్రుల రాళ్లు

ఒట్టేసి చెప్తున్నా, ఇది నువ్వు చచ్చినా నమ్మవు. నమ్మకపోతే పోయావ్ గానీ, మధ్యలో మాత్రం లేచి వెళ్లకు.

ఒక అడవి రాజ్యం ఉండేది. అక్కడా మన లెక్కే. ఓట్లు, మంత్రులు, మైకులు, దండలు అన్నీ ఉన్నాయి. పులి ముఖ్యమంత్రి. ఓటున్నవాణ్ణి తినకూడదని చట్టం కూడా ఉంది. మరీ తినాలనిపిస్తే నలుగురి ముందూ తినకూడదంతే.

ఆ అడవి నడుమ తుమ్మల వాగు. ఇవతల ఒడ్డున మేకలుండేవి. గడ్డి పరక లేక, పాపం, రాళ్లు నాకి బతికేవి. అవతల ఒడ్డున గడ్డి ఎంత ఎత్తో తెలుసా? ఒంటె అందులో దిగితే మూడోనాటికి గానీ బయటికి దారి దొరకలేదు. కానీ వాగు దాటాలంటే ఈదాలి. పోయిన వానాకాలం సింగారి అనే మేక తన పెద్దపిల్లని ఆ వాగులోనే పోగొట్టుకుంది. ఇప్పుడు దానికి మళ్లీ రెండు పిల్లలు. ఇవతలుంటే ఆకలికి పోతాయి, నీళ్లలో దిగితే వాగుకి పోతాయి. వానలు పడేలోపు వంతెన పడితేనే బతుకు.

రోడ్ల మంత్రి నక్క వచ్చింది. మంచమంత రాతిమీద తన పేరు చెక్కించి, ఏనుగుల చేత ఈడ్పించి ఒడ్డున పాతించింది. కొబ్బరికాయ కొట్టింది, రిబ్బన్ కత్తిరించింది, ఫొటో దిగింది.

సింగారి ముందుకొచ్చింది. "మంత్రిగారూ, వంతెన ఎప్పుడండీ?"

"మరి ఇదేంటమ్మా?"

"ఇది రాయండి."

"వంతెన కూడా రాళ్లతోనే కడతారమ్మా! ఒకటొచ్చింది, మిగతావి దార్లో ఉన్నాయి" అని దండ సర్దుకుని వెళ్లిపోయింది నక్క.

పులికి ఒక అలవాటుంది. మంత్రి ఎవడైనా కుదురుగా కూర్చుంటే తన కుర్చీ మీద కన్నేస్తాడని భయం. అందుకని రోడ్ల శాఖని ఇవాళ నక్కకిస్తే రేపు తోడేలుకిచ్చేది. అలాగే ఇచ్చింది.

తోడేలు వాగుకొచ్చి ముందు వంతెన ఊసెత్తలేదు. "ఎవడిదిరా ఈ రాయి? పీకండి!" అంది. ఏనుగులు పీకి పక్కన పడేస్తే అది దొర్లుకుంటూ పోయి వాగులో బోర్లా పడింది. తోడేలు దానికన్నా మూరెడు పెద్దరాయి పాతించి, మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ రిబ్బన్.

"వంతెనండీ..." అంది సింగారి.

"ఒసే గడ్డందానా, శంకుస్థాపన రోజున అపశకునం మాటలేంటే?" అని కసిరింది తోడేలు.

వాళ్లు పోయాక సింగారి నీళ్లు తాగడానికి దిగింది. పడిపోయిన నక్కరాయి మీద నిలబడింది. చూస్తే మోకాళ్లు తడవలేదు, గిట్టలూ తడవలేదు. కాసేపు అలాగే నిలబడి నెమరేసింది. తర్వాత తిన్నగా నక్క గుహకి వెళ్లింది.

"అయ్యగారూ, చెప్పకూడదు గానీ, మీ పేరు వాగులో బోర్లా పడుంది. కప్పలు దానిమీద కూర్చుంటున్నాయి."

"ఎవడు పడేశాడు?"

"తోడేలుగారు. ఆయన రాయి మీదానికన్నా మూరెడు పెద్దదండీ. నాకెందుకొచ్చిన గొడవలెండి."

నక్కకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి పులి మీసాలు పొగిడింది, పులి నడక పొగిడింది, పులి గురక పాటలా ఉందంది. శాఖ తిరిగొచ్చేసింది. మర్నాడే వీధి తలుపంత రాయితో వాగు దగ్గర దిగింది.

"పీకండి తోడేలు రాయి! ఒడ్డున గిరాటెయ్యండి!"

"ఒడ్డునొద్దండీ" అంది సింగారి. "మళ్లీ శాఖ ఆయనకొస్తే అదే తెచ్చి నిలబెట్టుకుంటాడు. నీళ్లలో వేయించండి. అదిగో, మీ పాతరాయి పక్కన కాదు, ఇంకాస్త అవతల."

"అవతలెందుకే?"

"మీ పేరు పక్కన ఆయన పేరా! పరువేం కాను?"

"నీకున్న బుద్ధి నా కార్యకర్తల్లో ఒక్కడికీ లేదమ్మా" అని మెచ్చుకుంది నక్క. ఏనుగులు రాయిని సరిగ్గా సింగారి గడ్డం ఊపినచోట పడేశాయి.

ఇక చూడు. శాఖ తోడేలుకొస్తే నక్కరాయి వాగులోకి. నక్కకొస్తే తోడేలు రాయి వాగులోకి. సింగారి ఇద్దరి గుహలకీ తిరిగి, ఎవరి రాయి ఎంత పెద్దదో చెప్పి వచ్చేది. రాళ్లు తలుపంతవి పోయి, ఎడ్లబండంతవి వచ్చాయి, ఆనక ఇల్లంతవి. ఏనుగులకి నడుములు పట్టేసి చీమల చేత తొక్కించుకున్నాయి, నిజం! వాగులో రాళ్ల వరస ఇవతల నుంచి సగం దాటింది, ముప్పావు దాటింది. అవతలి ఒడ్డు దగ్గర సుడి తిరిగే మడుగొక్కటే మిగిలింది. ఒకే ఒక్క పెద్దరాయి పడితే చాలు.

సరిగ్గా అప్పుడే నక్కా తోడేలూ రాజీ పడ్డాయి.

"ఏరా బావా, మనం కొట్టుకుంటే బాగుపడేది పులే" అంది నక్క.

"నిజమేరా. రాతిమీద పైన సగం నీ పేరు, సగం నా పేరు" అంది తోడేలు.

ఇద్దరూ భుజాలమీద చేతులేసుకుని కొండగుట్టంత రాయి పాతించి పోయారు. ఇక పీకేవాడు లేడు. పడమట మబ్బు పట్టింది, చినుకు మొదలైంది. సింగారి పిల్లలిద్దర్నీ ఒడ్డున ఉంచి పులి కొలువుకి పరిగెత్తింది.

"ఏంటే?" అంది పులి.

"రాయి బ్రహ్మాండంగా ఉందండయ్యా, దణ్ణం పెట్టుకు పోదామని వచ్చా. తమరి పేరు కూడా ఉంది."

"కూడానా? ఎక్కడుంది?"

"అడుగునండి. దుమ్ములో. వంగి ఊదితే కనపడుతుంది."

"పైన?"

"నక్కగారిదీ, తోడేలుగారిదీ. అక్షరం నా కొమ్మంతుంది."

"నాదో?"

సింగారి నేలచూపులు చూసింది. "పేనంత."

పులి ఎలా వచ్చిందనుకున్నావ్? దాని నీడ అరగంట ఆలస్యంగా చేరింది. "పీకండి! ఎక్కడేస్తే ఏ వెధవకీ కనపడదు?"

"అదిగోనండి, ఆ మడుగులో. అక్కడ పడింది పాతాళానికే."

ఏనుగులు ఈ రాళ్ల మీదుగానే గుట్టరాయిని నెట్టుకుపోయి మడుగులో దించాయి. తన పేరు కూడా దాంతోపాటే మునిగిందని పులికి తట్టనే లేదు. "రేపు కొండంత రాయి తెస్తా, మొత్తం నా పేరే!" అని వెళ్లిపోయింది.

జోరువాన పట్టుకుంది. వాగు పొంగింది. మేకలన్నీ రాళ్లమీద టకటకా నడిచి అవతలికి పోయాయి. సింగారి పిల్లలిద్దర్నీ ముందు నడిపించి, తను చివర దాటింది.

తెల్లారి పులి కొండరాయితో వచ్చింది. సంగతి తెలిసి నక్కా తోడేలూ ఎగశ్వాసతో వచ్చాయి. ఇవతల మేకల్లేవు. అవతల గడ్డిలో తోకలు ఆడుతున్నాయి. మధ్యలో వంతెన!

"నేనే కట్టించా!" అంది నక్క.

"నువ్వా? నేను!" అంది తోడేలు.

"ఎవడు కట్టినా నా పాలనలోనే" అంది పులి.

అవతల నుంచి సింగారి కేకేసింది. "ఎవరి పేరుంటే వాళ్లదేనండీ! చూసుకోండి!"

పేర్లన్నీ బోర్లా ఉన్నాయాయె. ముగ్గురూ రాళ్లమీద వంగి, తోకలు పైకెత్తి, తలలు నీళ్లలో ముంచి పేర్లు వెతుక్కున్నారు. ముక్కుల్లోకి నీళ్లు పోవడం తప్ప ఒక్క అక్షరం దొరకలేదు.

తుమ్ముతూ లేచి పులి అడిగింది. "మరి నా కొండరాయి ఏం చెయ్యాలే?"

"ఇక్కడెందుకండీ, వంతెనుందిగా! ఆ తూర్పున ఇంకో వాగుంది. కుందేళ్లు మునిగిపోతున్నాయి. దానికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాయి వెయ్యలేదు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మరుక్షణం ఒకర్నొకరు తోసుకుంటూ తూర్పుకి లగెత్తారు.

పేరు కోసం కొట్టుకునేవాళ్లని విడదీయకు, ఆ రాళ్లు ఎక్కడ పడాలో నువ్వు చూసుకో. అదీ ఇందులో నీతి.

ఏంటా నవ్వు? అబద్ధమంటావా? అయితే తుమ్మల వాగులో దిగి ఒక్క రాయి తిరగెయ్. దాని అడుగున పేరు లేకపోతే వచ్చి చెప్పు, సగం మీసం నీ ముందే గొరిగించుకుంటా.