సిలార్ చేపల మేత

సిలార్ బెంగంతా చేపల గురించే. కొల్లేటి పక్కన ఖలందర్ షా బాబా ఉండే దర్గాకి ఒక చేపల చెరువుంది. ఏటా ఉరుసుకి వచ్చినవాళ్లందరికీ ఆ చెరువు చేపలే వండి పెడతారు. వచ్చేది ఎక్కువగా కూలి జనం, పిల్లాజెల్లాతో వస్తారు. ఆ ఏడు చెరువు చూసే పని బాబా తన శిష్యుడు సిలార్‌కి అప్పగించాడు.

మనవాడికి పనంటే ప్రాణం, ఓపికే తక్కువ. మేతలో ఆకుల రసం కలిపితే చేప ఏపుగా పెరుగుతుందని ఎక్కడో విన్నాడు. ఇంకేం, మునగాకు, అల్లం, వెల్లుల్లి నూరి, రసం పిండి, తవుడూ వేరుశనగ చెక్కా అందులో తడిపాడు. ఆ మేతని చిల్లుల సంచుల్లో నింపి చెరువులో పాతిన కర్రలకి కట్టాడు. చేపలు ఎగబడి తిన్నాయి. కొన్నాళ్లకే ఒళ్లు నిగనిగలాడింది, తూకం పెరిగింది. సిలార్‌కి కాలు నేలమీద నిలవలేదు. "ఈసారి ఉరుసుకి ఒక్కో ముక్కా పళ్లెమంత ఉంటుంది చూడండి" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే మనకీ కథే ఉండేది కాదు. ఎంత పెరిగాయో చూడాలని పొద్దున్నే వల వేసేవాడు. పడ్డవాటిని తూచి వదిలేవాడు. మనసాగక సాయంత్రం మళ్లీ వేసేవాడు. పోనుపోను సంచుల్లో మేత మిగిలిపోసాగింది. రసం చాలలేదనుకుని ఘాటు పెంచాడు. మేత ఇంకా మిగిలింది. చేపలు చిక్కిపోయాయి.

ఉరుసు ఇంకా రెండు నెలలుందనగా మొహం వేలాడేసుకుని బాబా దగ్గరికొచ్చాడు.

"నా రసం పనిచెయ్యలేదు బాబా. వచ్చిన జనానికి ఉత్తన్నం పెట్టి పంపాల్సొచ్చేలా ఉంది. చెరువు ఇంకెవరికైనా అప్పగించండి." చెబుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి, పాపం.

"అలాగేలే. ముందు అన్నం తిను," అన్నాడు బాబా.

దర్గాలో వంటచేసే బీబమ్మ వేడన్నం, కోడికూర వడ్డించింది. సిలార్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోయాడు.

"ఒరేయ్ సిలార్, ఇట్రా."

వెళ్లాడు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద అతన్ని నిలబెట్టి, ముల్లు వంక చూసి, "సరే, వెళ్లి తిను" అన్నాడు బాబా.

తిరిగొచ్చి ముద్ద ఎత్తాడో లేదో మళ్లీ పిలుపు. మళ్లీ కాటా. ఆ తర్వాత బాబాయే వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. బీబమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈసారి తిరిగొచ్చిన సిలార్ పళ్లెం ముందు కూర్చోలేదు.

"ఏరా, తినవేం?"

"ఆకలి చచ్చిపోయింది బాబా. ఎప్పుడు లేపుతారోనని ముద్ద దిగట్లేదు."

బాబా ఆశ్చర్యపోయినట్టు బీబమ్మ వైపు తిరిగాడు. "అదేంటమ్మా, కూరలో అల్లం వెల్లుల్లి వెయ్యలేదా?"

"దండిగా వేశాను బాబా. మునగాకొక్కటే తక్కువ," అంది ఆవిడ.

సిలార్ బాబా వంక చూశాడు, చెరువు వంక చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. కూర చల్లారిపోయినా పళ్లెం ఖాళీ చేసి, లేచి వెళ్లి, గట్టున ఆరేసిన వల చుట్టి అటకెక్కించాడు. రసం మళ్లీ మొదటిలాగే పల్చగా కలిపాడు.

ఉరుసు నాడు వల దించారు. లాగడానికి మగాళ్లు చాలక ఆడవాళ్లూ చెయ్యేశారు. బొచ్చెలు, శీలావతులు ఎగిరెగిరి గట్టున పడుతుంటే పిల్లలు వాటి వెంటపడ్డారు. గుండిగలు చాలక పక్కూరినుంచి తెప్పించారు. ముక్క పళ్లెమంత లేదు గానీ, అందరికీ రెండోసారి కూడా వడ్డించారు. ఆ సందడి చూసి సిలార్ కడుపు సగం నిండిపోయింది.

అందరి భోజనాలూ అయ్యాక అతనూ పళ్లెం ముందు కూర్చున్నాడు. జనం చుట్టూ మూగారు.

"ఏ ఆకు కలిపావు బాబూ?"

"ఎంత కలిపావు?"

"మా చెరువుకీ పనికొస్తుందా?"

సిలార్ ఎత్తిన ముద్ద దించి జవాబు చెప్పబోయాడు.

అరుగు మీదినుంచి బాబా అన్నాడు: "ముందు వాణ్ణి తిననివ్వండయ్యా."