పాలపిట్ట ఈక బాణం

అనగనగా ఒక రాజు. పొన్నవరం రాజు. రాజంటే బంగారు కిరీటం, ఏనుగు అంబారీ అనుకునేరు. అవన్నీ ఉన్నాయిగానీ ఈ కథలో వాటితో మనకేం పని లేదు. ఈ కథలో పనికొచ్చేవి ఒక వెదురు విల్లు, ఒక బాణం, ఒక అబద్ధం. కాళ్లు ముడుచుకుని కుదురుగా కూర్చోండి. పడీ పడీ నవ్వే కథ కాదిది, ముందే చెబుతున్నా.

ఆ రాజుకి ఇద్దరు రాణులు. పెద్దరాణి ఇంకో రాజుగారి కూతురు. ఆవిడకి ఇద్దరు కొడుకులు. చిన్నరాణి వేటగూడెం పిల్ల, పేరు కొండమ్మ. రాజు ఒకసారి అడవిలో దారి తప్పితే గూడేనికి తీసుకొచ్చి గంజి పోసింది. ఆయన ఆ గంజికే పడిపోయాడు. ఆవిడకి ఒక్కడే కొడుకు, నీలకేతుడు. ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడు.

పట్టుచీర కట్టుకున్నా కొండమ్మ విల్లు మాత్రం వదల్లేదు. కొడుక్కి నడక వచ్చీరాగానే చేతిలో విల్లు పెట్టింది. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి చిటికెడు బూడిద ఎగరెయ్యడం నేర్పింది. ఆకు మీద పడ్డ నెత్తురు నురగగా ఉంటే ఊపిరితిత్తికి తగిలినట్టు, నల్లగా ఉంటే పొట్టకి తగిలినట్టు అని నేర్పింది. కడుపుతో ఉన్న లేడిని కొట్టకూడదంది. నీళ్లు తాగుతున్నదాన్ని కొట్టకూడదంది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. కొట్టినదాన్ని వదలకూడదు. దెబ్బ తగిలిందంటే ఇక అది నీ పూచీ. చీకటి పడనీ, వాన పడనీ, జాడ పట్టుకుని పోవాల్సిందే. అది దొరికేదాకా మెతుకు ముట్టకూడదు.

వాడికి బుద్ధి తెలిసిన వయసొచ్చాక, వానలు వెనకపట్టి అడవిలో ఆకు ఎండుతున్న రోజుల్లో, తల్లి వాణ్ణి మొదటి వేటకి తీసుకెళ్లింది. తన చేత్తో చేసిన బాణం ఇచ్చింది. దాని తోకకి పాలపిట్ట ఈక కట్టింది, నీలంగా మెరిసే ఈక. అలాంటి బాణం రాజ్యం మొత్తానికి అదొక్కటే. తల్లి వాగుకి ఇవతల పొదలో కూర్చుంది. వాడు పాక్కుంటూ అవతలికి పోయాడు. పొద్దు వాలుతుండగా ఒక లేడి వచ్చింది. వాడు వేశాడు, తగిలింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడయింది. లేడి ఒక్క గంతేసి, బాణంతోనే పొదల్లోకి దూసుకుపోయింది.

వాడికి ఆకలేస్తోంది. అరికాళ్లలో ముళ్లు దిగాయి. ఇప్పుడు జాడ పట్టుకుంటే తెల్లారినా ఇల్లు చేరమనుకున్నాడు. వెనక్కొచ్చి, బాణం గురి తప్పి ఎక్కడో పడిపోయిందమ్మా అన్నాడు. కొండమ్మ వాడి మొహంలోకి చూసింది.

"నిజంగానా?" అంది.

వాడు తల ఊపాడు. ఆవిడ విల్లు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. ఇంటికొచ్చాక వాడు రెండుసార్లు అడిగి మరీ అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, వాడు ఎటూ మర్చిపోయాడు.

ఇప్పుడు మాంత్రికుడి దగ్గరికొద్దాం. ఏడు సముద్రాలవతల అంటానని చూస్తున్నారు కదూ. కాదు, ఏడు వాగులవతలే. అక్కడ ఒక కొండగుహలో మసిజడల మాంత్రికుడు ఉండేవాడు. వాడికి చావంటే మహా భయం. ప్రాణం ఎక్కడ దాచుకుంటే ఎవరికీ చిక్కదా అని వెతుక్కుంటూ ఉండేవాడు. బాణంతో కాళ్లీడ్చుకుంటూ వచ్చిన ఆ లేడి సరిగ్గా వాడి గుహ ముందు కూలింది. చావబోతోంది. వాడు గభాలున తన ప్రాణం తీసి దాని గాయంలో పెట్టేశాడు. దాంతో ఆ లేడికి చావూ రాలేదు, బతుకూ రాలేదు. నడిమధ్యన ఆగిపోయింది.

ఆగింది ఆ లేడి ఒక్కటే అయితే ఇంత కథెందుకు. ఆ రోజు నించి పొన్నవరంలో చావే ఆగిపోయింది. దాంతోపాటు నయం కావడమూ ఆగిపోయింది. చావు లేకపోతే మంచిదేగా అంటారేమో. జ్వరమొచ్చినవాడు జ్వరంతోనే ఉన్నాడు. చెట్టు మీంచి పడ్డవాడు పడ్డచోటే మూలుగుతున్నాడు. కోడిని కోస్తే, తెగిన మెడతోనే తన్నుకుంటూ పెరడంతా తిరిగేది. అది చూసి జనం కోళ్లని కొయ్యడమే మానేశారు. ఏ ఇంటి ముందు నించి నడిచినా లోపల్నించి ఒక మూలుగు వినబడేది.

ఆ చలికాలంలోనే కొండమ్మకి గుండెల్లో నొప్పొచ్చి మంచం పట్టింది. లేవనూ లేదు, పోనూ లేదు. ఏళ్లు గడిచాయి. నీలకేతుడికి మీసాలొచ్చాయి, భుజాలు విచ్చుకున్నాయి. వాడు పక్కన కూర్చుని గుడ్డ తడిపి నోట్లో నీళ్లు పిండేవాడు. ఆవిడ మూలుగు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వాడికి తల్లంటే ప్రాణం. ఆవిడ ఒక్కసారి లేచి కూర్చుంటే చాలు, రాజ్యం లేకపోయినా పర్వాలేదు అనుకునేవాడు.

ఇదంతా మసిజడలవాడి పనేనని రాజుకి చివరికి తెలిసింది. కొడుకుల్ని పిలిచి, వాణ్ణి చంపినవాడికే సింహాసనం అన్నాడు.

ముందు పెద్దవాడు బయల్దేరాడు. దారిలో ఒక అడవిపంది కనబడితే సరదాకి బాణమేసి, అది పడిందో లేదో కూడా చూడకుండా పోయాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని లోకమంతా చెప్పుకుంటుంది కదా. గుహ ముందు పంజరంలో చిలక కనబడగానే దాన్ని కొట్టాడు. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వి, అందరికీ తెలిసిన చోట ప్రాణం పెట్టుకుంటానట్రా వెర్రినాగన్నా అని ఇంత బూడిద చల్లాడు. పెద్దవాడు నడుం విరిగి పడిపోయాడు. తర్వాత నడిమివాడు వెళ్లాడు. వాడూ దారిలో ఒక కుందేలుని కొట్టి వదిలేశాడు. చిలక కాకపోతే గోరింకలో ఉంటుందని గోరింకని కొట్టాడు. వాడూ అన్న పక్కనే పడ్డాడు.

ఇక మిగిలింది చిన్నవాడు. వెళ్లొస్తానని తల్లి కాళ్లకి దండం పెట్టాడు. ఆవిడ ఎంతో కష్టం మీద కళ్లు తెరిచి, మధ్యలో తిరిగి రావద్దు నాయనా అంది. అంతే అంది.

మొదటి రెండు వాగులు దాటాడు. ఎండుగడ్డిలో కుందేలు పడుంది, డొక్కలో నడిమివాడి బాణం. నీలకేతుడు మోకాళ్ల మీద కూర్చుని బాణం మెల్లగా లాగి, దొన్నెతో నీళ్లు పట్టాడు. కుందేలు ఒక గుక్క తాగి, మాంత్రికుడి ప్రాణం ఏ పిట్టలోనూ లేదు, పిట్టల జోలికి పోకు అంది. వాడు దాన్ని నీడకి మార్చి ముందుకి కదిలాడు.

ఇంకో రెండు వాగులు దాటాడు. బురదగుంటలో అడవిపంది, మెడలో పెద్దవాడి బాణం. పంది దగ్గరికి పోవడమంటే మాటలు కాదు. అయినా వెళ్లాడు, లాగాడు, నీళ్లు పట్టాడు. అది రొప్పుతూ రొప్పుతూ చెప్పింది. "వాడి ప్రాణం ఒక లేడి గాయంలో ఉంది. ఎవడో కొట్టి వదిలేసిన లేడి. ఆ కొట్టినవాడే, ఆ బాణమే లాగి, మళ్లీ వెయ్యాలి. ఇంకెవడు వేసినా లాభం లేదు."

నీలకేతుడికి ఒళ్లు మండిపోయింది. కొట్టి వదిలేసిన ఆ దౌర్భాగ్యుడెవడో దొరికితే జుట్టు పట్టి ఈడ్చుకొస్తానన్నాడు. మీరు నవ్వకండి. నిజంగానే అన్నాడు, నిజంగానే మర్చిపోయి ఉన్నాడు.

పంది ఇంకో మాట చెప్పింది. ఆ లేడి చచ్చిన క్షణాన ఆగినవన్నీ కదులుతాయి, నయమవ్వాల్సినవాళ్లు లేస్తారు, పోవాల్సినవాళ్లు పోతారు, నేనైతే పోతాను అంది. మరి మా అమ్మో అని అడిగాడు. నాకేం తెలుసు, పందిని అంది.

ఆరో వాగు దాటాక ఒక గూడెం. అక్కడ నాగులు అనే పిల్ల వాడికి జొన్నగంజి పోసింది. దాని తండ్రి పంది పొడిచిన తొడతో ఏళ్ల తరబడి మూలన పడున్నాడు. వాడొచ్చిన పని విని ఆ పిల్ల, "మా అయ్య లేస్తాడో పోతాడో తెలీదు దొరా. ఏదో ఒకటి కానీ. చూళ్లేకపోతున్నా" అంది. వాడు అప్పటిదాకా తల్లి లేవాలనే కోరుకున్నాడు, ఆవిడ బాధ ఎలాగైనా తీరాలని అనుకోలేదు. గంజి మళ్లీ ముట్టలేదు.

తెలతెలవారుతుండగా ఏడో వాగు దాటాడు. గుహ ముందు మోదుగు చెట్టు కింద లేడి పడుంది. ఎముకల గూడు. డొక్కలో బాణం, బాణం చివర మాసిపోయిన ఈక. వాడు దగ్గరికెళ్లి ఈక మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. నీలం.

వాడికి ఆ పొద్దు వాలిన వాగు, ఆ చప్పుడు, కడుపునిండా తిన్న అన్నం అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. జుట్టు పట్టి ఈడుస్తానన్నది తన జుట్టే. తల్లి అన్నేళ్లు మంచంలో మూలిగింది తన అబద్ధం వల్లే. లేడి కళ్లెత్తి వాడిని చూసింది.

"ఆ సాయంత్రమే వస్తావనుకున్నాను" అంది.

వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే బాణం లాగాడు. లేడి కళ్లు మూసుకుంది, అరవలేదు. వాడు వెనక్కి నడిచి విల్లు ఎక్కుపెట్టేసరికి మసిజడలవాడు గుహలోంచి పరిగెత్తుకొచ్చాడు. మీద చల్లడానికి బూడిద తీశాడుగానీ, తన ప్రాణం మీద చెయ్యి ఉన్నవాడి మీద వాడి బూడిద పారలేదు. ఇక మెత్తని మాటలకి దిగాడు.

"వెయ్యకు బాబూ. మీ అమ్మ పోవాల్సిన మనిషి, నేను చెబుతున్నా. ఈ లేడి ఉన్నన్నాళ్లే ఆవిడ ఉంటుంది. నన్నొదిలెయ్, నీ జన్మంతా మీ అమ్మ నీ కళ్లముందే ఉంటుంది."

పిల్లలూ, మీరైతే ఏం చేసేవాళ్లో నాకు తెలీదు. నేనైతే విల్లు పారేసేదాన్నేమో. నీలకేతుడు తల్లి మొహం తలుచుకున్నాడు. ఆవిడ వాడి కళ్లముందే ఉంటుంది నిజమే, రోజూ మూలుగుతూ ఉంటుంది. పైగా ఎదురుగా ఈ లేడి ఉంది, ఇది వాడి పూచీ. అలవాటు కొద్దీ మొలలోంచి చిటికెడు బూడిద తీసి గాలికి ఎగరేశాడు. గాలి కదల్లేదు. బాణం వదిలాడు.

తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడయింది. లేడి ఒక్క నిట్టూర్పు విడిచి పోయింది. మసిజడలవాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుప్పకూలాడు. అన్నలిద్దరూ నడుం పట్టుకుని లేచి, ఎక్కడున్నామంటూ బిత్తరచూపులు చూశారు. నీలకేతుడు లేడిని భుజాన వేసుకున్నాడు. దానిలో బరువేం మిగల్లేదు.

గూడెంలో నాగులు తండ్రి గోడకానుకుని కూర్చుని గంజి తాగుతున్నాడు. నాగులు సంతోషంతో గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. వాడి భుజం మీదున్నదాన్నీ వాడి మొహాన్నీ చూసి, గిన్నె కింద పెట్టేసి, వాడి విల్లు అందుకుని వెంట నడిచింది. దారిలో పంది పోయి ఉంది. కుందేలు కూడా పోయి ఉంది. ఇద్దరూ కలిసి రెంటినీ పూడ్చారు.

కోట చేరేసరికి ఊరు సగం నవ్వుతోంది, సగం ఏడుస్తోంది. చిన్నరాణి గది ముందు ఏడుస్తున్నారు. వాడు గుమ్మంలో లేడిని దింపి నిలబడ్డాడు. రాజు వాడి తల నిమిరి జరిగింది చెప్పాడు. తెల్లవారుజామున కొండమ్మ ఉన్నట్టుండి లేచి కూర్చుందట. అన్నేళ్లలో మొదటిసారి. వాగు వైపు చెవి పెట్టి వింది. మొహం తేటపడింది.

"చప్పుడు విన్నారా? ఆ రోజూ ఇదే చప్పుడు. దొరికింది వాడికి" అందట. తర్వాత దిండు మీద తల వాలుస్తూ, "వాడొస్తే ఇక అన్నం పెట్టండి" అందట. అంతే, మళ్లీ కళ్లు తెరవలేదు.

అంటే ఆవిడకి మొదటి రోజే తెలుసు. అన్నేళ్లూ ఒక్క మాట అనలేదు. నీలకేతుడు తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు. తల్లిని సాగనంపి, లేడిని పూడ్చాక నాగులు విస్తరేసి అన్నం వడ్డించింది. ఆవిడ చెప్పింది కాబట్టి తిన్నాడు. కన్నీళ్లు కలిపి, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు.

తర్వాత ఏడాది తిరిగాక నాగులుని పెళ్లాడాడు. ఊరంతా పందిరి వేశారు, అన్నలే దగ్గరుండి పెళ్లి చేశారు. తండ్రి తర్వాత రాజయ్యాడు, బిడ్డల్ని కన్నాడు, చాలా ఏళ్లు చల్లగా ఏలాడు. ఆ రాజ్యంలో మనుషులు మళ్లీ జబ్బుపడి లేచారు, ముసలివాళ్లయి పోయారు. వేటకి వెళ్లి ఉత్తచేతులతో వచ్చి గురి తప్పిందన్నవాళ్లని ఆయన ఒక్కటే అడిగేవాడు, నిజంగానా అని. చాలామంది మళ్లీ అడవిలోకి వెళ్లేవాళ్లు.

అంతా సుఖమే. కాకపోతే ఏ సాయంత్రమైనా చాకిరేవులో ఎవరైనా తడిబట్ట బండకేసి కొడితే, ఎంత పనిలో ఉన్నా ఆ రాజు ఆగి వినేవాడట. నాగులు వచ్చి అన్నానికి పిలిచేదాకా అలాగే నిలబడేవాడట. నాకు తెలిసిన కథ ఇంతే, ఇక దుప్పట్లు కప్పుకుని పడుకోండి.