కొమురవ్వ తెల్లగుండు

చెప్పేవాళ్ళకు తీరిక, వినేవాళ్ళకు ఓపిక ఉన్న కాలంలో, అనగనగా ఒక పట్నం. దాని పేరు ఏడుగుండ్ల. పట్నం చుట్టూ ఇల్లంత బండరాళ్ళు ఏడు. ఏడూ నల్లనివే.

వాటిలో ఒక గుండు పట్నం చివర గుట్ట మీద ఉంది. దాని కింద సున్నం కాల్చే కొమురవ్వ గుడిసె. మొగుడు లేడు. పుట్టిన పిల్లలు నిలవలేదు. చివరికి ఒక ఆడపిల్ల నిలిచింది. దిష్టి తగలకుండా పెంటమ్మ అని పేరు పెట్టుకుంది.

సున్నం అమ్ముడుపోయాక తొట్టి అడుగున ఇంత మిగిలేది. తల్లీ కూతురూ దాన్ని గుండుకు పూసేవాళ్ళు. ఊరికే, ఆటకు. పిల్ల చెయ్యి అందినంత మేర గుండు తెల్లగా ఉండేది. మీ ఇల్లెక్కడే అని ఎవరడిగినా పెంటమ్మ తెల్లగుండు కాడ అనేది.

ఒక ఏడాది జాతరకు పోయారు. కొమురవ్వ బొరుగులు కొనడానికి పిల్ల చెయ్యి వదిలింది. బొరుగులు కొంగులో పోసుకుని తిరిగి చూస్తే పిల్ల లేదు.

జాతరంతా వెతికింది. సంతలన్నీ వెతికింది. బండ్లు పోయే బాటలన్నీ వెతికింది. లేదు.

ఇంటికొచ్చి గుండు కింద కూచుంది. నా బిడ్డకు ఊరి పేరు తెలియదు, అనుకుంది. నా పేరూ తెలియదు, అమ్మ అని తప్ప. మరేం తెలుసు?

లేచి సున్నం కలిపింది.

గుండును కింది నుంచి కొస దాకా పూసింది. అది ఆమడ దూరానికి కనిపించింది. వానలకు సున్నం కారిపోయింది. వానలు వెనుకపట్టాక మళ్ళీ పూసింది. మళ్ళీ కారింది. మళ్ళీ పూసింది.

ఊరు నవ్వింది. కల్లు గీసే మల్కయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆమెకు బావ వరస.

“ఏం కొమురవ్వా, గుండుకు పెండ్లి చేస్తున్నవా?”

“పిల్లగాడుంటే చెప్పు బావా, చేస్త” అనేది. కుంచె ఆపకుండానే.

ఇట్లా ఉండగా, ఎక్కడో ఉన్న రాజు కొత్త సభ కట్టించాడు. రాజ్యంలోని ప్రతి పట్నానికీ ఒక గుర్తు దాని గోడల మీద రాయించాలనుకున్నాడు. చూడగానే ఇది ఫలానా పట్నం అని తెలియాలి. మీ గుర్తేదో తేల్చుకోండి, చిత్రకారుణ్ణి పంపుతానని కబురు చేశాడు.

పట్నం పెద్ద అనంతయ్య అందరినీ పిలిచాడు. వర్తకులు బజారు కమాను అన్నారు. సిపాయిలు కోట దర్వాజా అన్నారు. పూజారులు గుడి గోపురం అన్నారు. ఎవరిది వాళ్ళకు గొప్ప. పొద్దున మొదలైన మాట, ఇళ్ళల్లో అన్నాలు చల్లారినా తెగలేదు.

చివరికి అనంతయ్య, ఇవేవీ వద్దు, కొత్తగా ఒక బురుజు కడదాం అన్నాడు. అన్నిటికంటే ఎత్తుగా, గుట్ట మీద. రాయి ఎక్కడిది అంటే, గుట్ట మీదే గుండు ఉందిగా అన్నాడు. అది ఎవరిదీ కాదు గనక అందరూ ఒప్పుకున్నారు.

వడ్డెరలు వచ్చి గుండు చుట్టూ కట్టెలు పేర్చారు. మంటపెట్టి కాల్చి, వేడి మీద నీళ్ళు కొడితే ఎంత బండైనా పగులుతుంది.

కొమురవ్వ ఏడవలేదు. అరవలేదు. నేరుగా అనంతయ్య వాకిట్లోకి పోయి నిలబడింది.

అనంతయ్య చెడ్డవాడు కాడు. చాప వేయించాడు. ఆమె కూచోలేదు.

“బిడ్డ పోయి ఎన్నేండ్లాయె కొమురవ్వా. ఉంటే ఇప్పటికి నీ అంత మనిషయి ఉంటది” అన్నాడు.

“పెద్దదైతే కండ్లు కనబడవా అయ్యా?”

కొమురవ్వ గుట్ట వైపు చెయ్యి చూపింది.

“నా బిడ్డకు తెలిసిన ఊరు పేరు అదొక్కటే. అది చెరిపితే ఏమని అడుక్కుంట వస్తది?”

అనంతయ్య వడ్డెరలకు ఆగమని కబురు పంపాడు. చిత్రకారుడు వచ్చేదాకా మంట పెట్టం, ఆయన ఏది గుర్తంటే అదే గుర్తు అన్నాడు.

చిత్రకారుడు వచ్చాడు. కమాను చూపించారు, బాగుంది అన్నాడు. దర్వాజా చూపించారు, బాగుంది అన్నాడు. గోపురం చూపించారు, బాగుంది అన్నాడు. బురుజు ఎట్లా కడతారో చేతులతో చూపించారు. అదీ బాగుంది అన్నాడు. ఇవన్నీ మీరు చూసేవి, వచ్చేవాళ్ళు ఏం చూస్తారో అడుగుదాం పదండి అన్నాడు. పట్నానికి బాటలు మూడు. ఒక్కో బాట దగ్గర ఆగి, ఏడుగుండ్ల వచ్చిందని మీకెప్పుడు తెలిసిందని అడిగాడు.

మొదటి బాటలో గాజులాయన వచ్చాడు. తెల్లగుండు కనబడగానే గాజుల మలారం భుజం మార్చుకుంటాననీ, ఇంకెంతో లేదని కాళ్ళకు తెలుస్తుందనీ చెప్పాడు.

రెండో బాటలో గొర్రెలకాపరి వచ్చాడు. తెల్లగుండు కనబడగానే తను అదిలించకముందే ముందు గొర్రె అటు తిరుగుతుందన్నాడు.

మూడో బాటలో ఒక చూలాలు పుట్టింటికి వస్తోంది. పక్కన తమ్ముడు మూట మోస్తున్నాడు.

“తెల్లగుండు కనబడ్డంక ఇంటికొచ్చినట్టే కదా” అంది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. తమ్ముడు మాత్రం, అప్పటి నుంచి ఏడుస్తోందండీ, ఎంత చెప్పినా ఆపదు అన్నాడు.

చిత్రకారుడు అనంతయ్య వైపు తిరిగి, నాకూ అంతేనయ్యా, దారి తప్పి దాన్ని చూసే వచ్చాను అన్నాడు.

అనంతయ్య గుట్టెక్కి కట్టెలు తీయించాడు. వాటిని కొమురవ్వ సున్నపు బట్టీకే ఇచ్చేశాడు.

రాజసభ గోడ మీద ఏడుగుండ్లకు గుర్తుగా తెల్లగుండు వెలిసింది. చూసినవాళ్ళు ఇంకో నలుగురికి చెప్పారు. సంతల్లో వర్తకులు మేం ఏడుగుండ్ల వాళ్ళమనడం మానేశారు. తెల్లగుండు వాళ్ళమనేవారు. ఆ పేరు నదులు దాటింది. గుట్టలు దాటింది. సముద్రపు ఒడ్డున ఉప్పు మడుల దాకా పోయింది.

ఆ ఉప్పు మడుల్లో ఒక ఆడమనిషి ఉప్పు లాగుతోంది. చిన్నప్పుడు జాతరలో నిద్రొచ్చి, ఎవరిదో బండిలో బస్తాల వెనక పడుకుంది. తెల్లారేసరికి బండి ఎంతో దూరం పోయింది. మీది ఏ ఊరని ఉప్పు పండించేవాళ్ళు అడిగితే తెల్లగుండు అంది. పాపం వాళ్ళు కనబడినవాళ్ళనల్లా అడిగారు. ఆ రోజుల్లో అట్లాంటి ఊరే లేదు. పెంచారు. పెళ్ళి చేశారు.

ఉప్పు కొనడానికి వచ్చిన వర్తకుడు, మాది తెల్లగుండు అన్నాడు. ఆమె పార కింద పెట్టింది.

వానలు వెనుకపట్టాయి. కొమురవ్వ గుండు మీద ఉంది. కింద ఒక మనిషి వచ్చి నిలబడింది. చంకలో పిల్ల.

“ఎవరు కావాలె బిడ్డా?” అని పైనుంచి అడిగింది.

“అమ్మ కావాలె. పేరు తెలియదు.”

కొమురవ్వ చేతిలో కుంచె ఆగింది.

“కొమురవ్వ” అంది. “నా పేరు కొమురవ్వ.”

ఆ ఏడాది గుండులో మిగిలిన సగం మల్కయ్య పూశాడట. ఏం పూత అది, అక్కడక్కడా నలుపు వదిలేశాడట. ఈసారి ఊరు నవ్వలేదట.

కొమురవ్వ మనవరాలిని ఎత్తుకుంది. ఆడించింది. నిండుగా బతికి పోయింది.

ఇప్పటికీ వానలు వెనుకపట్టాక ఆ పట్నంలో ప్రతి ఇంటి నుంచీ ఒక ముంత సున్నం గుట్టెక్కుతుంది. మాటలొచ్చిన పిల్లలకు మొదట గుండును చూపిస్తారు. ఊరి పేరు తర్వాత నేర్పుతారు. బయటికి పోయేవాళ్ళతో, కొమురవ్వ చూస్తుంటది, తిరిగి రా అంటారు.

ఆ ఏడాది ఎవరి మనిషి ఇల్లు చేరలేదో, మొదటి కుంచె వాళ్ళది. ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళయింది అని ఎవరూ అడగరు. జరిగి దారి ఇస్తారు. వాళ్ళు పూసినంతసేపు ఊరంతా ఆగుతుంది.