తెల్ల గౌను, ఎర్ర కాగు

ఏమర్రా, తెల్లబట్ట పెళ్ళిదా, చావుదా? తొందరపడకండి, విని చెప్పండి.

ఒక రాజు తన కొడుక్కి సముద్రం అవతలి పిల్లను కుదిర్చాడు. ఆ పిల్ల తెల్ల గౌనుతో పీటలమీద కూర్చుంటానంది. రాజు మండిపడి, అద్దకంపని చేసే బుచ్చెంకిని పిలిపించాడు.

"తెలుపు చావుబట్ట! నా పందిట్లో కనబడకూడదు. ముహూర్తంలోగా ఆ గౌనుకు ఎర్రరంగు వెయ్యి. లేదా ఊరొదిలి పో!"

గౌను ఇస్తూ పెళ్ళికూతురి తల్లి ఏడ్చింది. "మాకు తెలుపంటే మచ్చలేని మనసమ్మా. రంగు పడిందా, పిల్లతో ఓడెక్కేస్తాను."

రంగు వేస్తే పెళ్ళి ఆగుతుంది, వెయ్యకపోతే తన కొంప మునుగుతుంది. బుచ్చెంకి కాగులో ఎర్రరంగు మరుగుతోంది. అంతలో సన్నాయి మొదలైంది. పని అయిందా అంటూ రాజే వచ్చాడు.

పసుపు అంచులు అద్దడానికి తనకిచ్చిన పెళ్ళికొడుకు తెల్ల మధుపర్కాలు దండెంమీద ఉన్నాయి. బుచ్చెంకి వాటిని తీసి కాగు మీదికి చాచింది.

"ఆగవే! అవి మధుపర్కాలు!"

"తెల్లగా ఉన్నాయి కదా ప్రభూ, తమరి ఆజ్ఞే."

"ఆ తెలుపు మచ్చలేని మనసుకు గుర్తే! అది లేకుండా పెళ్ళేమిటి?"

"పెళ్ళికూతురి తల్లిగారూ ఇదే అన్నారు ప్రభూ. ముందు ఏది ముంచమంటారు?"

రాజు మధుపర్కాలనూ గౌనునూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఆ గౌను అంచుకూ కాస్త పసుపు రాయి," అన్నాడు.

ఇప్పుడు చెప్పండి, తెలుపు దేనిది? ఆలోచిస్తూ ఉండండి. మీ పిన్ని పెళ్ళి మధుపర్కాలకు ఇంకా రెండు కొసలు పసుపు అద్దాలి, వెళ్ళొస్తా.